పొడవు జుట్టునకు ఇంటి నూనెలు

గత సంవత్సరము వేసవి నువ్వులు కోతకు వచ్చిన దినములలో మన సంఘ సభ్యుడొకరి కళ్ళమునకు పోయియుంటిని. ఎండిన నువ్వుకట్టలను తలక్రిందులుగా బట్టి దులుపుచుండిరి. గింజ నిండుగా నుండెను. దిగుబడి లెక్క వ్రాసికొని లేవబోవుచుండగా ఆ యింటి యిల్లాలు ఒక సీసా తెచ్చి, "అయ్యా! మీరు చదువుకొన్నవారు. ఈ తలనూనె మంచిదేనా, చూచి చెప్పండి. పిల్లకు జుట్టు పిడికెళ్ళకొలది ఊడిపోవుచున్నది. ఇది మూడవ సీసా" అనెను. ఆమె వెనుక 14 ఏండ్ల బాలిక తలపై ఓణీ కప్పుకొని నిలిచియుండెను. తోడిపిల్లలు నవ్వుచున్నారని వారము దినములుగా బడికి పోవుట మానినదట.

సీసా వెనుక చిన్న అక్షరములతో నున్న పట్టీని చదివితిని. అందు మొదటి పదార్థము లిక్విడ్ పారఫిన్. అనగా కిరసనాయిలు, పెట్రోలు దేనినుండి వచ్చునో ఆ ముడిచమురునుండియే తీసి శుద్ధిచేసిన చమురు. తరువాత రంగు, వాసన. కడపట కొంచెము గింజనూనె. అది విషము గాదు. వెండ్రుకకు నునుపును మెరుపును ఇచ్చును. కాని పుట్లకొలది నూనెగింజ పండించి, సాయంకాలమునకు దానినంతయు వర్తకుని కాటాకు ఎత్తి, ఆ పైకముతో ముడిచమురు సీసాలు కొనుచున్న ఇంటి ముంగిట నిలిచి ఆ పట్టీని చదువుట నాకు కష్టముగా తోచినది. ఆనాడు కళ్ళములో పూర్తిగా చెప్పజాలని సంగతులను సభ్యులందరి ఉపయోగార్థము ఇచట వ్రాయుచున్నాను.

వెండ్రుక యనగా నేమి?

మనుష్యుని తలపై సుమారు 1 లక్ష వెండ్రుకలుండును. వెండ్రుకకు చర్మము లోపలనున్న మొదలు మాత్రమే సజీవము. బయటికి వచ్చిన భాగమునకు ప్రాణము లేదు. అందుచేతనే కత్తిరించినను నొప్పి కలుగదు. అది కెరాటిను అను మాంసకృత్తుతో నేర్పడిన పోగు. నెలకు 1 సెంటీమీటరునకు కొంచెము ఎక్కువగా, సంవత్సరమునకు ఇంచుమించు 15 సెంటీమీటర్లు పెరుగును. ఈ లెక్కను 90 సెంటీమీటర్ల జడయొక్క కొస ఆరేండ్ల నాటిది. ఆరేండ్ల ఎండలను, దువ్వెనలను, తలంట్లను అది ఓర్చుకొన్నది.

వెండ్రుకపైన సన్నని పొలుసులు పూరింటికి కప్పిన తాటాకులవలె ఒకదానిపై నొకటి పరచుకొనియుండును. కప్పు సరిగా నున్నంతకాలము లోపలి వాసము చెడదు. ఆకు లేచి చినిగినచో వాన లోపలికి దిగును. వెండ్రుక సంగతియు నట్టిదే. పొలుసులు లేచిన వెండ్రుకలు ఒకదానినొకటి పట్టుకొని చిక్కుపడును, కొసలు చీలును, మధ్య తెగును. జుట్టు పొడవైనకొలది పాతబడిన భాగము ఎక్కువ. కావున పొడవు జుట్టుగలవారికే నూనె అవసరము హెచ్చు.

నూనె చేయు పని

పెసలు, కందులు నిలువచేయునపుడు మన స్త్రీలు ఆముదము పట్టించుట అందరెరిగినదే. ఆ నూనె గింజను పెంచదు. ఉన్న గింజను పురుగునుండి కాచును. తలనూనెయు నట్లే. అది ఎరువు గాదు, కాపుదల. వెండ్రుక నీటిలో తడిసినపుడు ఉబ్బును, ఆరినపుడు ముడుచుకొనును. మాటిమాటికి ఇట్లు జరుగుటచే దాని బలము తగ్గును. తలంటుకు ముందే నూనె పట్టించినచో నీరు మితముగా లోపలికి పోవును. దువ్వెన రాపిడియు తగ్గును.

2003లో ప్రచురింపబడిన ఒక పరిశోధనయందు కొబ్బరినూనెను, ప్రొద్దుతిరుగుడు నూనెను, ఖనిజపు నూనెను వెండ్రుకలకు పట్టించి పరీక్షించిరి. కడుగునపుడును దువ్వునపుడును వెండ్రుకనుండి పోవు మాంసకృత్తును గణనీయముగా తగ్గించినది ఒక్క కొబ్బరినూనె మాత్రమే. దానిలో సుమారు సగము లారిక్ ఆమ్లము. దాని అణువు చిన్నది, సూటియైనది. కావున వెండ్రుక లోపలికి చొరగలదు. తక్కిన రెండును పైననే నిలిచి నునుపు కలిగించును.

ఏ నూనె ఎట్టిది?

కొబ్బరినూనె: కొబ్బరిని తేమ 6 శాతమునకు తగ్గువరకు ఎండబెట్టి ఆడింపవలెను. తేమ మిగిలిన కురిడీకి బూజు పట్టును, నూనె త్వరగా కంపుకొట్టును. స్వచ్ఛమైన కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల చలిలో పేరుకొనును. అనుమానము కలిగినచో చిన్న గాజుసీసాలో పోసి శీతలపెట్టెలో నుంచి చూడుడు. పైన పేరుకొనని నూనె పొరగా నిలిచినచో వేరొకటి కలిసినదని గ్రహింపవచ్చును.

నువ్వులనూనె: గింజలో 45 మొదలు 50 శాతము వరకు నూనె యుండును. సెసమాల్ మొదలగు సహజ పదార్థములు దీనిని త్వరగా చెడనీయవు. కావున కొబ్బరి పండని మెట్టప్రాంతములవారికి ఇది చేతికందిన తలనూనె. మరియు పిండి వ్యర్థముగాదు. తెలగపిండి కూర మన ఇండ్లలో ఎరుగనివారెవరు? విత్తనము విషయమై ఎలమంచిలి, జగిత్యాల పరిశోధన కేంద్రములనుండి వెలువడిన రకములను గూర్చి సభ్యులు నన్ను అడుగవచ్చును.

ఆముదము: నల్లగొండ, పాలమూరు ఎర్రనేలల రైతులకు చిరకాల పరిచితమైన పంట. దీని నూనెలో ఇంచుమించు పదింట తొమ్మిది పాళ్ళు రిసినోలియిక్ ఆమ్లము. అందుచేతనే అంత చిక్కన. ఆముదము జుట్టును పెంచునను మాట ఇంటింట వినబడును గాని, దానికి తగిన ఋజువు లేదు. కొసలకు మెత్తదనము నిచ్చుట మాత్రము నిజము. పొడవు జుట్టునకు ఒట్టి ఆముదమును దట్టముగా పట్టించి నలిపినచో జుట్టు ఉండగట్టి, కత్తిరించుట తప్ప వేరుదారి లేకపోవుటయు కలదు. కావున 1 పాలు ఆముదమునకు 3 పాళ్ళు కొబ్బరినూనెగాని నువ్వులనూనెగాని కలిపి వాడవలెను.

ఒక్క హెచ్చరిక. ఆముదపు గింజలో రిసిను అను ఘోరమైన విషమున్నది. అది నూనెలోనికి రాదు, పిండిలో నిలిచిపోవును. వంటాముదము తీయు ఇండ్లలో గింజలు దంచునపుడు పిల్లలను దూరముగా నుంచి, రోలు రోకళ్ళను బాగుగా కడుగవలెను. ఆముదపు పిండి చేనికి మంచి ఎరువు. పశువులకు ఎన్నడును పెట్టరాదు.

వాడు విధము

వారమునకు రెండుమార్లు, ఒక్కొక్కమారు ఒక పెద్ద చెంచా, అనగా సుమారు 15 మిల్లీలీటర్ల నూనె చాలును. నూనెను పొయ్యిమీద పెట్టక, గిన్నెతో వేడినీటిలో నుంచి గోరువెచ్చన చేయుడు. గోళ్ళతో గీరక వ్రేళ్ళకొసలతో మాడున కొంచెము రాచి, మిగిలిన దానిని సగము జడనుండి కొసలవరకు పట్టింపుడు. మనలో పెక్కుమంది మాడున గుమ్మరించి కొసలను మరతురు. పాతబడినది కొసయే గదా. గంట రెండు గంటలు ఉంచి కుంకుడుకాయతోగాని శీకాయతోగాని కడుగవలెను. కుంకుడు రసము కంటబడకుండ చూచుకొనుడు. బట్టల సబ్బు తలకు పనికిరాదు.

తడి వెండ్రుక బలహీనమైనది. తలంటిన పిమ్మట జుట్టును పిండి, తువ్వాలుతో విదిలించి కొట్టుట మానుడు. మెత్తని బట్టతో అద్ది, ఇంచుమించు ఆరిన తరువాత ఎడమైన పండ్ల దువ్వెనతో ముందు కొసల చిక్కు తీసి, క్రమముగా పైకి రావలెను.

మందారము, గుంటగలగర మొదలగు ఆకులు వేసి కాచువారు చెమ్మ పూర్తిగా పోయి, నురుగు అణగి, ఆకు గలగలలాడువరకు సన్నని సెగపై కాచి వడగట్టుడు. చెమ్మ మిగిలిన నూనె చెడిపోవును.

చుండ్రు గలవారు రాత్రియంతయు నూనె నుంచరాదు. చుండ్రును కలిగించు సూక్ష్మశిలీంధ్రము జిడ్డునే ఆహారముగా గొని పెరుగును. పేలకు కిరసనాయిలు రాచుట ప్రాణాపాయము. నేను మిషను బడి వసతిగృహమున నున్నప్పుడు, అట్లు రాచుకొని దీపము దగ్గరకు వంగిన పిల్లవాని చెవియు మెడయు కాలుట కంటితో చూచితిని. ఆ మచ్చ అతనికి మరి పోలేదు. సన్నపండ్ల దువ్వెనతో ఓపికగా దువ్వుటయు, ఆరోగ్యకేంద్రమున అడిగి తగిన మందు వాడుటయు మార్గము.

నూనె చేయలేని పని

దినమునకు 50 మొదలు 100 వరకు వెండ్రుకలు రాలుట సహజము. పిడికెళ్ళకొలది రాలినచో కారణము నూనెలో లేదు, దేహములో నున్నది. ఆ బాలిక తల్లిని, "ఈ నడుమ పిల్లకు జబ్బు చేసినదా?" అని అడిగితిని. సంక్రాంతికి టైఫాయిడు వచ్చి ఇరువది దినములు మంచమున నున్నదని చెప్పెను. అప్పటికి మూడు నెలలు. పెద్ద జ్వరము తరువాతను, కాన్పు తరువాతను రెండు మూడు నెలలకు జుట్టు ఇట్లు రాలుట కలదు. మొదలు చావదు, కొన్ని మాసములలో తిరిగి మొలచును. దీనికి ఏ సీసాయు అక్కరలేదు. రక్తహీనత వలనను, థైరాయిడు గ్రంథి దోషమువలనను జుట్టు రాలును. ఇందులకు రక్తపరీక్ష చేయించి వైద్యుని సలహా గైకొనవలెను. రూపాయి బిళ్ళంత మచ్చలుగా జుట్టు పోయినను వైద్యునికి చూపుడు.

నేను ఆ తల్లికి చెప్పినది ఇంతియే: పిల్లను ఆరోగ్యకేంద్రమునకు తీసికొనిపొండు, పప్పు, ఆకుకూరలు, గ్రుడ్లు, నువ్వులు, బెల్లము పెట్టుడు, బడి మాన్పింపకుడు.

ఇంటి లెక్క

ఒక మనిషికి వారమునకు రెండుమార్ల చొప్పున సంవత్సరమునకు 104 మార్లు. మారునకు 15 మిల్లీలీటర్లు. మొత్తము ఒకటిన్నర లీటరునకు కొంచెము ఎక్కువ. గానుగలో 10 కిలోల నువ్వులకు సుమారు 4 కిలోల నూనె దిగును. అనగా 4 కిలోల లోపు నువ్వులు ఒక పొడవు జడకు సంవత్సరమంతయు చాలును. నూనెతోబాటు పిండియు ఇంటికే వచ్చును. ఒక్క కుటుంబము కొద్దిగింజ తీసికొనిపోయినచో గానుగలో ముందాడిన నూనె కలియును. పది కుటుంబములు చేరి 40 కిలోలు ఒక్కమారు ఆడించినచో గానుగను శుభ్రముచేయించి, తమ గింజ నూనెను తామే కొలిచి పంచుకొనవచ్చును. సంఘమను పేరు ఇట్టి పనులకే గదా. నూనెను పొడి పాత్రలలో అంచువరకు నింపి, మూత బిగించి, వెలుతురు సోకని చోట నుంచుడు.

ఈ సంవత్సరము నువ్వుల కోతకు మరల ఆ కళ్ళమునకు పోయితిని. బాలిక బడినుండి వచ్చి, పుస్తకములు అరుగుపై పెట్టి, తల్లికి చేట అందించుచుండెను. రక్తము తక్కువయని తేలి మూడు మాసములు మాత్రలు మ్రింగినదట. నుదుటిమీద వ్రేలెడు పొడవున క్రొత్త వెండ్రుకలు నారుమడివలె నిలిచియుండెను. అది నూనె మహిమ గాదు. కాలముయొక్కయు అన్నముయొక్కయు మందుయొక్కయు ఫలము. ఆ క్రొత్త జుట్టును కాపాడుట మాత్రము ఇకమీదట నూనె పని. వర్తకుడు కాటా కట్టుచుండగా తండ్రి ఒక డబ్బా నువ్వులను ముందుగనే కొలిచి, లోపలికి పంపివేసెను.