స్పిన్నర్‌కు పిలుపు ఎప్పుడు రావాలి?

నర్సీపట్నం వంటి పట్టణంలో పదహారేళ్ల కుర్రవాడు ఆదివారం పోటీలో ఐదు వికెట్లు తీశాడంటే, సాయంత్రానికల్లా టీ కొట్టు దగ్గర ఒక మాట పుడుతుంది: ‘‘వీణ్ణి ఇండియా జట్టులోకి ఎందుకు తీసుకోరు?’’ అది అభిమానంతో పుట్టిన మాటే. కాని ఆ మాట ఇల్లు చేరి తల్లిదండ్రుల మనసులో నాటుకుంటే, పిల్లవాడి చదువు, ఇంటి ఆదాయం, అతని యౌవనంలోని విలువైన సంవత్సరాలు దానితో ముడిపడతాయి. కనుక ఒక స్పిన్నర్ జాతీయ జట్టుకు అర్హుడో కాదో ఎలా తేలుతుందన్నది మన ఇళ్లలో కూడా ఆలోచించవలసిన విషయమే.

ఈ ప్రశ్నకు ఇటీవలి ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. కడప జిల్లాకు చెందిన ఎడమచేతి స్పిన్నర్ శ్రీచరణి 2004లో జన్మించింది. 2024 డిసెంబరులో జరిగిన మహిళా ప్రీమియర్ లీగ్ వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ ఆమెను 55 లక్షల రూపాయలకు తీసుకుంది. 2025 సీజనులో ఆమెకు దక్కినవి రెండే మ్యాచ్‌లు. ఆ వెనువెంటనే భారత జట్టు నుంచి పిలుపు వచ్చింది. ఏప్రిల్ నెలలో కొలంబోలో శ్రీలంకపై తొలి అంతర్జాతీయ వన్డే ఆడింది. రెండు లీగ్ మ్యాచ్‌లు ఆడిన అమ్మాయికి దేశం తరఫున ఆడే అర్హత వచ్చినట్లేనా అన్న సందేహం ఆనాడు కలగడం సహజం. అయితే ఆ రెండు మ్యాచ్‌లే ఆమె శ్రమ మొత్తం కాదు. అంతకు ముందే ఆంధ్ర జట్టు తరఫున దేశవాళీ పోటీలు ఆడుతూ వచ్చింది. టీవీలో కనిపించినది చివరి మెట్టు మాత్రమే.

గెలిచిన మ్యాచా, ఓడిన మ్యాచా?

2025 జూన్ 28న నాటింగ్‌హామ్‌లో ఇంగ్లండ్‌పై తన తొలి టీ20లోనే శ్రీచరణి 12 పరుగులిచ్చి 4 వికెట్లు తీసింది. ఆ సిరీస్‌లో మొత్తం 10 వికెట్లతో ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది. పత్రికలు ప్రముఖంగా ప్రచురించినది ఆ విజయాన్నే. అయినా ఆమె అర్హతకు అంతకన్నా గట్టి సాక్ష్యం ఒక ఓటమిలో దొరుకుతుంది.

ఆ ఏడాది అక్టోబరు 12న విశాఖపట్నంలో ప్రపంచ కప్ మ్యాచ్ జరిగింది. భారత్ 330 పరుగులు చేసింది. ఆస్ట్రేలియా 49 ఓవర్లలో 7 వికెట్లు కోల్పోయి 331 పరుగులు చేసి గెలిచింది. మహిళల వన్డేల్లో అంతవరకు ఛేదించిన లక్ష్యాలలో అదే అతి పెద్దది. అలీసా హీలీ ఒక్కతే 142 పరుగులు సాధించింది. పిచ్ బ్యాటర్లకు అనుకూలంగా ఉన్న ఆ రోజున శ్రీచరణి 10 ఓవర్లు వేసి, 41 పరుగులు మాత్రమే ఇచ్చి, 3 వికెట్లు తీసింది. తక్కిన 39 ఓవర్లలో ఆస్ట్రేలియాకు 290 పరుగులు వచ్చాయి. అంటే ఇతరుల ఓవర్లలో సగటున ఏడుకు పైగా పరుగులు వస్తుంటే, ఆమె ఓవర్లలో నాలుగు మాత్రమే వచ్చాయి. బంతి తిరిగే పిచ్ మీద వికెట్లు తీసేవారు చాలామంది ఉంటారు. పిచ్ సహకరించనప్పుడు, ఎదుటివారు చెలరేగి ఆడుతున్నప్పుడు చేయి వణకకుండా ఒకే చోట బంతి వేయగలగడమే స్పిన్నర్‌కు అసలైన పరీక్ష. ఆ ప్రపంచ కప్‌లో 14 వికెట్లు తీసిన శ్రీచరణి, నవంబరు 2న భారత్ తొలిసారి కప్ గెలిచిన జట్టులో సభ్యురాలు. ఎంపిక సరైనదేనని ఆ పది ఓవర్లు అప్పటికే చెప్పాయి.

వయసు కొలమానం కాదు

ఇరవై ఏళ్లకు పిలుపు రాకపోతే ఇక రాదని కొందరు నిరాశపడతారు. హైదరాబాదు స్పిన్నర్ల చరిత్ర చూస్తే ఆ భయానికి ఆధారం లేదని తెలుస్తుంది.

గులాం అహ్మద్ 1939-40లో హైదరాబాదు తరఫున ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో అడుగుపెట్టారు. తొలి టెస్టు ఆడేనాటికి 1948 డిసెంబరు వచ్చింది, వయసు 26 నిండింది. యుద్ధకాలం కూడా ఆ నిరీక్షణను పొడిగించింది. ఆ తరువాత 22 టెస్టులలో 68 వికెట్లు తీశారు, భారత జట్టుకు నాయకత్వం వహించారు. 1950-51లో ఇండోర్‌లో హోల్కర్ జట్టుపై ఒకే ఇన్నింగ్స్‌లో 92.3 ఓవర్లు వేశారు. ఆ శ్రమకు దక్కినవి నాలుగు వికెట్లు.

అర్షద్ అయూబ్‌ది మరొక పాఠం. ఆయన ఆఫ్ స్పిన్నర్. అదే హైదరాబాదు జట్టులో అప్పటికే భారత్‌కు ఆడుతున్న శివలాల్ యాదవ్ కూడా ఆఫ్ స్పిన్నరే. అయూబ్ తొలి టెస్టు ఆడినది 1987 నవంబరులో, 29వ ఏట. మరుసటి సంవత్సరం న్యూజిలాండ్‌పై మూడు టెస్టులలో 21 వికెట్లు తీశారు. దీనికి భిన్నంగా వెంకటపతి రాజు 20 ఏళ్లకే, 1990లో న్యూజిలాండ్ గడ్డపై తొలి టెస్టు ఆడి, మొత్తం 28 టెస్టులలో 93 వికెట్లు సాధించారు. ఒకే నగరం, ముగ్గురు స్పిన్నర్లు, పిలుపు వచ్చిన వయసులు మూడు.

ఇవ్వకపోవడం, తొందరపడి కొలవడం

ఎంపిక అనేది సెలెక్టర్ చేతిలోని అమానతు. అర్హుడికి చెందవలసిన దాన్ని అతనికి అప్పగించడమే అతని పని. గులాం అహ్మద్ ఈ బాధ్యతనూ మోశారు. 1983లో ప్రపంచ కప్ గెలిచిన జట్టును ఎంపిక చేసిన కమిటీకి ఆయనే అధ్యక్షులు.

ఈ అమానతు చెల్లని సందర్భాలూ ఉన్నాయి. హర్యానాకు ఆడిన రాజిందర్ గోయెల్ రంజీ ట్రోఫీలో 637 వికెట్లు తీశారు. ఆ పోటీలో అంతకన్నా ఎక్కువ వికెట్లు తీసినవారు లేరు. అయినా ఒక్క టెస్టు ఆడలేదు. ఆయనా, బిషన్ సింగ్ బేడీ ఒకే తరంవారు, ఇద్దరూ ఎడమచేతి స్పిన్నర్లే. 1974లో బెంగళూరు టెస్టుకు బేడీని పక్కన పెట్టినప్పుడు గోయెల్ పేరు జాబితాలోకి వచ్చింది గాని, తుది పదకొండు మందిలో చోటు దక్కలేదు. అర్హత ఉన్నంత మాత్రాన పిలుపు తప్పక వస్తుందని చెప్పలేమని ఆయన జీవితం చెబుతున్నది.

తొందరపాటు అంచనా వల్ల కలిగే నష్టం వేరు. 1988 జనవరిలో మద్రాసులో 19 ఏళ్ల నరేంద్ర హిర్వాణీ తొలి టెస్టులోనే వెస్టిండీస్‌పై 136 పరుగులిచ్చి 16 వికెట్లు తీశారు. తొలి నాలుగు టెస్టులలో 36 వికెట్లు వచ్చాయి. ఆ తరువాతి 13 టెస్టులలో వచ్చినవి 30 మాత్రమే. ఆయన అర్హుడు కారని కాదు. బంతి విపరీతంగా తిరిగిన పిచ్ మీది అంకెలను చూసి దేశమంతా పెంచుకున్న ఆశను, తక్కిన పిచ్‌ల మీద ఆ యువకుడే మోయవలసి వచ్చింది.

మన మైదానం, ఆ మైదానం

ఇక చిన్న పట్టణాల సంగతి. ఇక్కడ ఎక్కువ మంది పిల్లలు ఆట నేర్చుకునేది టెన్నిస్ బంతితో. దానికి తోలు బంతికి ఉండే కుట్టు ఉండదు. వేళ్లతో కుట్టును పట్టి తిప్పడం, గాలిలో బంతికి ఎత్తునిచ్చి బ్యాటర్‌ను ముందుకు రప్పించడం దానితో అలవడవు. ఎనిమిది, పది ఓవర్ల పోటీలో ప్రతి బంతినీ బాదబోయేవారే ఎక్కువ గనుక, వేగంగా, చదునుగా వేసినవాడికి వికెట్లు వస్తాయి. మ్యాటింగ్ మీద బాగా తిరిగే బంతి పచ్చిక పిచ్ మీద మొదటి రోజున తిరగకపోవచ్చు. అందుచేత ఆదివారం నాటి ఐదు వికెట్లు ప్రతిభకు సూచన అవుతాయేగాని, అర్హతకు రుజువు కావు.

రుజువు దొరికేది మెట్లు ఎక్కినప్పుడే. జిల్లా ఎంపికలు, ఆంధ్ర క్రికెట్ సంఘం పోటీలు, ఆపై అబ్బాయిలకు 16 ఏళ్లలోపు విజయ్ మర్చంట్ ట్రోఫీ, 19 ఏళ్లలోపు కూచ్ బెహార్ ట్రోఫీ, 23 ఏళ్లలోపు సి.కె. నాయుడు ట్రోఫీ, ఆ తరువాత రంజీ ట్రోఫీ ఉంటాయి. అమ్మాయిలకూ వయసుల వారీగా పోటీలు ఉన్నాయి. మూడు, నాలుగు రోజుల మ్యాచ్‌లో ఒక బ్యాటర్ తన బౌలింగ్‌ను రెండు గంటలు చదివిన తరువాత కూడా అతన్ని ఔట్ చేయగలిగితే, అప్పుడు ఆ స్పిన్నర్‌ను గురించి మాట్లాడటం న్యాయం.

తల్లిదండ్రులు పిల్లవాణ్ణి ‘‘ఎన్ని వికెట్లు?’’ అని మాత్రమే అడగకుండా, ‘‘ఎన్ని ఓవర్లు వేశావు? వికెట్ దొరకని రోజున ఎలా వేశావు?’’ అని కూడా అడగాలి. బంతి వేసేటప్పుడు మోచేయి 15 డిగ్రీలకు మించి నిటారుగా సాగితే అది నిబంధనలకు విరుద్ధం. అటువంటి లోపం ఉందేమో శిక్షకుడి చేత చిన్ననాడే చూపించుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా చదువు ఆపించకూడదు. పిలుపు 20 ఏళ్లకు రావచ్చు, 29 ఏళ్లకు రావచ్చు, 637 వికెట్లు తీసినా రాకపోవచ్చు. ఆ మూడింటిలో ఏది జరిగినా నిలబడగలిగేలా బిడ్డను తయారుచేయడం సెలెక్టర్ల పని కాదు, ఇంటివారి పని.