పొలం లేని పట్టా: క్రీడాకారుల కీర్తి, డిజిటల్ బొమ్మల వ్యాపారం

2021 ఫిబ్రవరిలో అమెరికాలో ఒక బాస్కెట్‌బాల్ దృశ్యం 2 లక్షల 8 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. శాక్రమెంటో జట్టుతో జరిగిన ఆటలో లెబ్రాన్ జేమ్స్ గాలిలోకి లేచి బంతిని బుట్టలోకి గుద్దిన కొద్ది సెకన్ల దృశ్యం అది. ఆ ఆటను జనం టెలివిజన్‌లో ఎప్పుడో చూశారు. ఎవరైనా ఇంటర్నెట్‌లో పైసా ఖర్చు లేకుండా మళ్ళీ మళ్ళీ చూడగలరు. మరి అంత డబ్బు పోసి కొన్నవారు కొన్నదేమిటి?

దృశ్యాన్ని కాదు. దృశ్యం మీద హక్కులు యథాప్రకారం లీగ్ యాజమాన్యం దగ్గరే ఉన్నాయి. కొన్నవారు దాన్ని సినిమాలో వాడుకోలేరు, చొక్కాల మీద అచ్చువేసి అమ్ముకోలేరు, ఇతరులు చూడకుండా ఆపలేరు. వారికి దక్కింది ఒక నమోదు: ఫలానా దృశ్యానికి సంబంధించిన ఫలానా నంబరు టోకెను ఫలానా వారి ఖాతాలో ఉన్నదని కంప్యూటర్ చిట్టాలో రాసిన ఒక పద్దు. ఈ చిట్టాను బ్లాక్‌చైన్ అంటారు, ఆ పద్దును ఎన్‌ఎఫ్‌టి అంటారు. మన రైతుకు పట్టాదారు పాసు పుస్తకం సంగతి బాగా తెలుసు. పొలం ఉంటేనే ఆ పుస్తకానికి విలువ. ఇక్కడ పుస్తకం ఉంటుంది, పొలం ఉండదు. ఉత్త పుస్తకానికే బజారులో పాట పెడతారు.

సాహిత్య, సాంస్కృతిక పత్రికలో ఈ వ్యాపారం గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. ఆట కూడా సంస్కృతిలో భాగమే. లక్షలాది సామాన్యులు పనిదినం ముగిసిన తర్వాత తమ ఉద్వేగాలను, ఊహలను, అభిమానాన్ని ధారపోసే రంగం అది. ఆ అభిమానం సరుకుగా మారి, ఆ సరుకు మళ్ళీ జూదపు పందెంగా మారే క్రమం పాటకూ, సినిమాకూ, పుస్తకానికీ జరుగుతున్నదానికి భిన్నమైనది కాదు. ఆటలో అది ఇంకాస్త నగ్నంగా కనిపిస్తుంది.

ఆటగాళ్ళ బొమ్మలు పోగుచెయ్యటం కొత్త సంగతేమీ కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే అమెరికా పొగాకు కంపెనీలు సిగరెట్టు పెట్టెల్లో బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మల అట్టలు పెట్టి అమ్మాయి. తర్వాత బబుల్‌గమ్ కంపెనీలు అందుకున్నాయి. మన దేశంలోనూ బబుల్‌గమ్ పొట్లంలో క్రికెటర్ల బొమ్మలు వచ్చిన రోజులున్నాయి. అంతకు ముందు తరం పిల్లలు అగ్గిపెట్టెల పైబొమ్మలు, సిగరెట్టు పెట్టెల అట్టలు పోగుచేసి పందెం కాసుకున్నవారే. అప్పుడూ వ్యాపారం ఉంది, అప్పుడూ పందెం ఉంది. కానీ ఓడిన కుర్రవాడు పోగొట్టుకున్నది నాలుగు అట్టముక్కలు. పైగా అట్ట అంటే ఒక వస్తువు. కంపెనీ మూతపడినా అట్ట మిగులుతుంది, ఒక్కోసారి దాని వెల పెరుగుతుంది కూడా. హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడి పాత పొగాకు అట్ట ఒకటి 2022లో 70 లక్షల డాలర్లకు పైగా పలికింది. దాన్ని అచ్చువేసినవారెవరూ ఇవాళ లేరు.

టోకెను అలా కాదు. ఈ తేడా ఎంత ముఖ్యమైనదో అర్థం కావటానికి పై దృశ్యం అమ్ముడైన అంగడిని కొంచెం దగ్గరగా చూడాలి.

దాని పేరు ఎన్‌బిఎ టాప్‌షాట్. కెనడాలోని డాపర్ ల్యాబ్స్ అనే కంపెనీ బాస్కెట్‌బాల్ లీగ్‌తోనూ, ఆటగాళ్ళ సంఘంతోనూ ఒప్పందం చేసుకుని 2020 అక్టోబరులో దీన్ని అందరికీ తెరిచింది. దృశ్యాలను పొట్లాలుగా కట్టి అమ్మేవారు. చౌక పొట్లం 9 డాలర్లు. లోపల ఏముందో కొన్న తర్వాతే తెలుస్తుంది, లాటరీ టిక్కెట్టులాగా. నచ్చనిదాన్ని అదే అంగడిలో ఇంకొకరికి అమ్ముకోవచ్చు. అలా చేతులు మారిన ప్రతిసారీ కంపెనీకి నూటికి అయిదు. ధర పెరిగినా తరిగినా ఆ అయిదు ఆగదు. ఒకే దృశ్యానికి వేల టోకెన్లు ఉండవచ్చు, వాటిలో 1వ నంబరుకు ఒక ధర, ఆటగాడి చొక్కా మీది నంబరుతో కలిసినదానికి ఒక ధర. అరుదుతనాన్ని కంపెనీయే తయారుచేస్తుంది, కంపెనీయే అమ్ముతుంది. కరువును ఉత్పత్తి చేసే ఫ్యాక్టరీ ఇది.

2021 ఫిబ్రవరి ఒక్క నెలలోనే ఆ అంగడిలో 20 కోట్ల డాలర్లకు పైగా బేరాలు జరిగాయి. కరోనా కాలం. జనం ఇళ్ళలో ఉన్నారు, స్టేడియాలు ఖాళీగా ఉన్నాయి, వడ్డీరేట్లు అడుగంటి ఉన్నాయి. ఉద్యోగం చేసుకునే కుర్రాళ్ళు ఉదయం లేవగానే తమ ‘ఆస్తి’ వెల ఎంత పెరిగిందో చూసుకునేవారు. అంకె పెరుగుతూనే ఉంది. అయితే అమ్మిన డబ్బును బ్యాంకు ఖాతాకు తెచ్చుకుందామంటే వారాల తరబడి ఆగవలసి వచ్చిందని చాలామంది ఫిర్యాదు చేశారు. డబ్బు లోపలికి పోవటానికి నిమిషం చాలు. బయటికి రావటానికి మాత్రం వరస కట్టాలి.

సరిగ్గా ఆ వేడిలోనే, 2021 మార్చిలో, డాపర్ ల్యాబ్స్ 30 కోట్ల 50 లక్షల డాలర్ల కొత్త పెట్టుబడి సేకరించింది. పెట్టుబడిదారుల జాబితాలో మైకేల్ జోర్డాన్, కెవిన్ డురాంట్, క్లే థామ్సన్ వంటి పేర్లున్నాయి. వార్తాపత్రికలు దీన్ని ఆటగాళ్ళకు ఈ కొత్త వస్తువు మీద ఉన్న నమ్మకానికి రుజువుగా రాశాయి. పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. అభిమాని కొన్నది టోకెను. ఆటగాడు కొన్నది టోకెన్లమ్మే కంపెనీలో వాటా. ఒకడు పేకాట బల్ల ముందు కూర్చున్నాడు. రెండోవాడికి క్లబ్బులో భాగం ఉంది. ఇద్దరూ ఒకే వస్తువులో డబ్బు పెట్టారని చెప్పటం పెద్ద అబద్ధం. ఈ వ్యాపారమంతా నిలబడింది ఆ అబద్ధం మీదే.

కొందరు ఆటగాళ్ళు టోకెన్లు కూడా కొన్న మాట నిజం. బాస్కెట్‌బాల్ ఆటగాడు స్టెఫెన్ కర్రీ 2021 ఆగస్టులో ‘బోర్డ్ ఏప్’ అనే కోతి బొమ్మను సుమారు లక్షా 80 వేల డాలర్లకు కొని తన ముఖచిత్రంగా పెట్టుకున్నాడు. 2022 జనవరిలో బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాడు నెయ్‌మార్ అలాంటివే రెండు కొన్నాడు, రెండూ కలిపి 10 లక్షల డాలర్ల పైమాటే. అదే ఏడాది ఏప్రిల్ చివర ఆ కోతుల్లో చౌకదాని వెల 4 లక్షల డాలర్లు దాటింది. 2023 జూలై నాటికి లక్షకు బాగా దిగువకు పడింది. కోట్లలో సంపాదించేవాడికి ఆ నష్టం ఒక సీజను జీతంలో ఒక వాటం. అతడు కొనటమే ప్రకటన కాబట్టి, ఆ కొనుగోలును చూసి కొన్నవాడికి అది ఏళ్ళ తరబడి కూడబెట్టిన సొమ్ము.

ఇంగ్లండు మాజీ ఫుట్‌బాల్ కెప్టెన్ జాన్ టెరీ 2022 మొదట్లో పిల్ల కోతుల బొమ్మల టోకెన్లకు ప్రచారం చేశాడు. ఆయన తోటి ఆటగాళ్ళు కొందరు తమ అభిమానుల ముందు వాటిని పొగిడారు. అమ్మకం మొదలైన కొద్ది వారాల్లోనే ధర నూటికి తొంభై వంతులు కూలిపోయింది. ఫుట్‌బాల్ అభిమానుల్లో బడి పిల్లలు ఎందరో ఉంటారు. పిల్ల కోతి బొమ్మ ఎవరిని ఆకర్షించటానికి గీసిందో వేరే చెప్పనక్కరలేదు.

అన్నిటికన్నా విచిత్రమైన ప్రకటన మళ్ళీ కర్రీదే. 2021లో ఆయన ఎఫ్‌టిఎక్స్ అనే క్రిప్టో మారకపు సంస్థకు రాయబారి అయ్యాడు. 2022లో వచ్చిన ఒక ప్రకటనలో తాను ఈ విషయంలో నిపుణుణ్ణి కాననీ, కానవసరం కూడా లేదనీ, కావలసినవన్నీ ఆ సంస్థే చూసుకుంటుందనీ చెబుతాడు. ప్రచారకుడి అజ్ఞానమే ప్రచారానికి బలమైంది. ఆ సంస్థ 2022 నవంబరులో దివాలా తీసింది, దాని అధిపతికి 2024 మార్చిలో 25 ఏళ్ళ జైలుశిక్ష పడింది. ప్రచారం చేసిన ప్రముఖుల మీద మదుపుదారులు వేసిన దావాలో చాలా ఆరోపణలను 2025 మేలో ఫ్లారిడా న్యాయస్థానం కొట్టివేసింది. లోపల జరుగుతున్న మోసం వారికి తెలుసునని చూపలేకపోయారన్నది కారణం. తెలియదని ముందే చెప్పినవాడికి, తెలియకపోవటమే చివరికి రక్షణగా నిలిచింది.

ఆటగాళ్ళు దురాశాపరులని తిట్టి ఊరుకుంటే మనకేమీ అర్థం కాదు. వారికి వారి శరీరమే పనిముట్టు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో సగటు ఆటగాడి వృత్తిజీవితం మూడు నాలుగేళ్ళు. మోకాలు ఒక్కసారి తిరిగితే అంతటితో సరి. ఇరవై అయిదేళ్ళకు సంపాదన మొదలుపెట్టి ముప్ఫై ఏళ్ళకు ముగించేవాడికి కీర్తిని ఆస్తిగా మార్చుకోవాలన్న ఆత్రం సహజం. 1984లో నైకీ బూట్ల కంపెనీ జోర్డాన్‌తో కుదుర్చుకున్న ఒప్పందంలో అమ్మకాల మీద వాటా ఇచ్చింది. అది కూలి కన్నా వాటా మేలని తర్వాతి తరానికంతా నేర్పిన పాఠం. బూటుకైతే వెనక ఒక ఫ్యాక్టరీ ఉంది, తొడుక్కునే పాదం ఉంది. టోకెనుకు వెనక ఉన్నది తర్వాత కొనబోయేవాడు ఒక్కడే.

మరింత ఆలోచించవలసింది ఆటగాళ్ళ సంఘాల పాత్ర. యాజమాన్యంతో జీతాల కోసం పోరాడిన సంఘాలే సభ్యుల పేర్లను, రూపాలను మూకుమ్మడిగా టోకెను కంపెనీలకు కౌలుకిచ్చాయి. డ్రాఫ్ట్‌కింగ్స్ అనే కంపెనీ 2024 జూలైలో తన టోకెను వ్యాపారాన్ని ఉన్నట్టుండి మూసేసింది. తమకు రావలసిన సుమారు 6 కోట్ల 50 లక్షల డాలర్లు ఎగ్గొట్టిందని అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళ సంఘం ఆగస్టులో దావా వేసింది. కార్మిక సంఘం కౌలు బకాయి కోసం కోర్టుకెక్కిన దృశ్యం ఇది. తర్వాత రాజీ కుదిరింది. టోకెన్లు కొన్నవారు సంఘ సభ్యులు కారు గనక ఆ దావాలో వారి ఊసు లేదు.

టాప్‌షాట్ మీద కొనుగోలుదారులు వేసిన దావాలో న్యూయార్కు జిల్లా న్యాయమూర్తి విక్టర్ మరేరో 2023 ఫిబ్రవరిలో ఇచ్చిన ఉత్తర్వు చదవదగ్గది. దావాను ఆదిలోనే కొట్టెయ్యమన్న కంపెనీ విన్నపాన్ని ఆయన ఒప్పుకోలేదు. ఈ టోకెన్లు షేర్ల వంటి మదుపు పత్రాలే అన్న వాదనకు ఆధారం ఉందన్నారు. చిట్టా మొత్తం కంపెనీ అదుపులో ఉంది, కంపెనీ మూతపడితే టోకెను విలువ కూడా దానితోనే పోతుంది, అట్టబొమ్మకు ఆ గతి పట్టదు అన్నది ఆయన తర్కంలో కీలకం. ప్రచారంలో వాడిన రాకెట్టు, పైకి ఎగబాకే గీత, డబ్బు సంచీ బొమ్మలకు లాభం ఆశ చూపటం తప్ప వేరే అర్థం లేదని కూడా ఆయన రాశారు. చిహ్నాల గురించి పుస్తకాలు రాసే మన విమర్శకులు ఆ పేజీని ఒకసారి చూడటం మంచిది. 2024లో కంపెనీ 40 లక్షల డాలర్లకు రాజీ పడింది. మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు షకీల్ ఓనీల్ ‘ఆస్ట్రల్స్’ అనే తన టోకెన్ల వ్యవహారంలో అదే ఏడాది కోటీ 10 లక్షల డాలర్ల వరకూ చెల్లించటానికి ఒప్పుకున్నాడు.

మన దేశానికి ఈ గాలి క్రికెట్ మీదుగా వీచింది. రారియో అనే క్రికెట్ టోకెన్ల కంపెనీలోకి 2022 ఏప్రిల్‌లో 12 కోట్ల డాలర్ల పెట్టుబడి వచ్చింది. దానికి ముందు నిలిచింది డ్రీమ్ లెవెన్ యాజమాన్యపు పెట్టుబడి సంస్థ. అనతికాలంలోనే పోటీ కంపెనీ ఒకటి ఆటగాళ్ళ పేర్లు, గీసిన బొమ్మలు వాడి సొంత టోకెన్లు అమ్మటంతో రారియో ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. కంపెనీతోపాటు వాదులుగా చేరిన క్రికెటర్లలో హైదరాబాదు బౌలర్ మహమ్మద్ సిరాజ్ ఒకరు. ఆటో డ్రైవరు కొడుకుగా పుట్టి, అంతర్జాతీయ జట్టుకు ఎదిగిన యువకుడు తన పేరు మీద తనకే హక్కుండాలనుకోవటంలో తప్పు పట్టవలసిందేమీ లేదు. కానీ ఆ హక్కును ఒప్పందం ద్వారా కంపెనీ చేతిలో పెట్టాక, కోర్టులో పోరాడింది అతని పేరు కోసమా, కంపెనీ గుత్తాధిపత్యం కోసమా అన్నది ప్రశ్న. 2023 ఏప్రిల్‌లో న్యాయమూర్తి అమిత్ బన్సల్ తాత్కాలిక నిషేధం ఇవ్వటానికి నిరాకరించారు. ఆటగాడి పేరు, అతని పరుగులు, వికెట్లు అందరికీ తెలిసిన సమాచారమనీ, దాని మీద ఒకరికే గుత్త హక్కు ఉండదనీ తేల్చారు. అందరిదీ అయినదాన్నే పొట్లం కట్టి మళ్ళీ అందరికీ అమ్మినట్టు ఆ తీర్పును బట్టి తెలుస్తుంది.

ప్రభుత్వం ఏం చేసిందంటే, పన్ను వేసింది. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇలాంటి డిజిటల్ ఆస్తుల లాభం మీద నూటికి 30, ఆ జూలై నుంచి ప్రతి బేరం మీద నూటికి 1 ముందస్తు కోత. ఒకదానిలో వచ్చిన నష్టాన్ని మరొకదాని లాభంలో తీసివేసుకోవటానికి వీల్లేదు. ప్రకటనల ప్రమాణాల మండలి కూడా అదే ఏప్రిల్ నుంచి ఒక నియమం పెట్టింది: ఈ వస్తువుల మీద నియంత్రణ లేదనీ, నష్టం వస్తే చెప్పుకునే దిక్కు ఉండకపోవచ్చుననీ ప్రతి ప్రకటనలోనూ హెచ్చరిక ఉండాలి. ప్రకటనలో నటించే ప్రముఖులు ముందుగా విషయం విచారించుకోవాలని కూడా అందులో ఉంది. వారు ఏ మేరకు విచారించుకున్నారో కొనేవాడికి తెలిపే ఏర్పాటు మాత్రం అందులో లేదు.