'ఫ్లికర్': అస్థిరదీప్తికి శబ్దవిచారము

ఆంగ్లగ్రంథములను తెలుగు సేయువారికిని, అనువాదపత్రములను దిద్దు మన ప్రాచ్యకళాశాలల అధ్యాపకులకును కాంతివాచకములగు ఆంగ్లపదములు తఱచుగా చిక్కు కల్పించుచుండును. గ్లిమర్, షిమ్మర్, గ్లిట్టర్, ట్వింకిల్, ఫ్లికర్ అను ఈ అయిదింటికిని 'ప్రకాశించు' అని యొకే యర్థము వ్రాయుట పరిపాటియైనది. వీనిలో అస్థిరమగు వెలుఁగును దెలుపు 'ఫ్లికర్' శబ్దమును గూర్చి యిందు విచారింతును.

ఈ విచారమునకు నా పొరపాటే మూలము. పాఠశాలలో వ్యాకరణము ముగించి, నిఘంటువు తోడుగా ఆంగ్లమును అభ్యసించుచున్న దినములలో ఒక చిన్నకథను తెనిఁగించితిని. మరణశయ్యపై నున్న వృద్ధుని తలాపున దీపము 'ఫ్లికర్' అగుచున్నదని మూలము. నేను 'దీపము దేదీప్యమానముగా వెలుఁగుచుండెను' అని వ్రాసితిని. అది చదివి నా సహాధ్యాయి 'ఆ యింట పెండ్లి జరుగుచున్నదా?' అని యడిగెను. ఆఱిపోనున్న దీపమును నేను నిండుగా వెలిగించితిని. కథకు ప్రాణమైన సూచన దానితో నశించినది.

పదచరిత్రను చూతము. ప్రాచీనాంగ్లమున దీని పూర్వరూపమునకు కాంతితో సంబంధము లేదు. పక్షి రెక్కలు అల్లార్చుట దాని యర్థము. 17వ శతాబ్ది తొలినాళ్లకు ఈ చలనార్థము వెలుఁగునకు సంక్రమించినది. రెక్క కదలికకును జ్వాల కదలికకును గల సామ్యమే యిందులకు హేతువు. పదాంతమున నున్న 'అర్' కూడ గమనింపఁదగినది. గ్లిమర్, షిమ్మర్, గ్లిట్టర్, ఫ్లికర్ పదములలో అది పౌనఃపున్యమును, అనఁగా క్రియ మరల మరల జరుగుటను సూచించును. ట్వింకిల్ అనునపుడు 'ల్' చేయు పనియు నదియే.

సంస్కృతమున ఈ పనికి యఙ్ ప్రత్యయము కలదు. క్రియాసమభిహారమున యఙ్ విహితము. ఆ సమభిహారము పౌనఃపున్యము, భృశార్థము అని ద్వివిధము. దీప్ ధాతువునకు దేదీప్యతే, జ్వల్ ధాతువునకు జాజ్వల్యతే అని రూపములు. అయితే దేదీప్యమాన, జాజ్వల్యమాన శబ్దములు వ్యవహారమున భృశార్థముననే, అనఁగా మిక్కిలి వెలుఁగుట యందే రూఢములు. రూపమును మాత్రమే చూచి రూఢిని మఱచుటయే నా దోషము.

ఇఁక 'ఫ్లికర్'కు సన్నిహితమైన ధాతువేది? నా యభిప్రాయమున అది స్ఫుర ధాతువు. తుదాదిగణపఠితమైన దీనికి సంచలనము ప్రాథమికార్థము. శాకుంతల ప్రథమాంకమున ఆశ్రమప్రవేశవేళ దుష్యంతుని బాహువు స్ఫురించుట అందఱకు విదితమే. అచట కదలికయే కాని కాంతి లేదు. ఆ చలనమునుండి మెఱపునకు, మెఱపునుండి బుద్ధికి తోఁచుటకు అర్థము విస్తరించినది. చలనమునుండి కాంతికి సాగిన యీ త్రోవయే ఆంగ్లపదమునకును గలదు.

దీని ప్రతియోగి మనకు సుపరిచితము. గీత ఆఱవ అధ్యాయమున యోగిచిత్తమునకును, కుమారసంభవ తృతీయసర్గమున తపోనిష్ఠుఁడైన శివునకును ఉపమానమైన నివాతదీపమే అది. ఆ దీపమునకు లేనిదేదో అదియే ఫ్లికర్. రఘువంశమున ఇందుమతికి ఉపమానమైన సంచారిణీ దీపశిఖ వేఱు. అచట దీపము చోటు మాఱుచున్నది. ఫ్లికర్‌లో దీపము కదలదు, జ్వాల కదలును.

తెలుఁగునకు ఈ విషయమున దారిద్ర్యము లేదు. ఆంగ్లము ప్రత్యయముతో, సంస్కృతము యఙ్‌తో సాధించుదానిని తెలుఁగు ఆమ్రేడితముతో సాధించును. ఆభరణములు తళతళలాడును, ఇది గ్లిట్టర్. చుక్కలు మిలమిల మెఱయును, ఇది ట్వింకిల్. దూరపు దివ్వె మినుకుమినుకుమనును, ఇది గ్లిమర్. గాలికి దీపము రెపరెపలాడును, ఇదియే ఫ్లికర్. రెపరెప జెండాకును, కనుఱెప్పలకును గూడ చెల్లుటచే ఆంగ్లపదపు పూర్వార్థము సైతము ఇందు నిలిచినది. చమురు తఱిగి, వత్తి కొడిగట్టి, దీపము కొండెక్కఁబోవు స్థితిని చెప్పవలసినచోట 'కొట్టుకలాడు' అనుట మేలు.

లక్ష్యార్థమున మాత్రము రెపరెప అన్నిచోట్ల పొసఁగదు. పెదవిపై చిఱునవ్వు 'ఫ్లికర్' అయ్యెనన్నచో 'లిప్తపాటు తోఁచి మాయమయ్యెను' అనవలెను. ఆశకు అన్వయించినపుడు 'మినుకుమను ఆశ' యనుటయే తెలుఁగు నుడికారము. శాస్త్రపరిభాషలో ఈ పదమునకు నియతార్థము కలదు. చలనచిత్రము సెకనుకు 24 చిత్రములతో నడచినను, ప్రదర్శనయంత్రము ఒక్కొక్కదానిని రెండు మాఱులు చూపుటచే కంటికి అదరు తోఁపదు. మన విద్యుత్తు 50 ఆవృత్తులది. దానితో వెలుఁగు పాతతరపు గొట్టపుదీపము సెకనుకు 100 మాఱులు హెచ్చుతగ్గులగును. ఇది కంటికి కానరానిది, క్రమబద్ధమైనది. కావున ఇచట రెపరెప తగదు, 'కాంతికంపనము' అనవచ్చును.

కాఁబట్టి అనువాదకుఁడు ముందుగా మూఁడు ప్రశ్నలు వేసికొనవలెను: వెలుఁగు మందమా, తీవ్రమా? హెచ్చుతగ్గులు క్రమబద్ధములా, కావా? ఆఱిపోవునను శంక యున్నదా? వీనికి సమాధానము దొరికినపిమ్మటనే నిఘంటువు ఉపకరించును. విద్యార్థి పత్రమున 'ప్రకాశించెను' అని యున్నచోట ఎఱ్ఱగీటుతో ఊరకొనక, ఆ దీపము బ్రతుకునో ఆఱునో అతనిని అడుగుఁడు. నా సహాధ్యాయి నన్నడిగిన ప్రశ్న నాకు పెక్కు నిఘంటువులకంటె నెక్కువ నేర్పినది.