గడువు మూడు నెలలు: మన ఇళ్లలో మౌనం ఎన్నాళ్లు?

2025 జూలై 12న ఒడిశాలోని బాలాసోర్ పట్టణంలో, ఫకీర్ మోహన్ కళాశాల విద్యార్థిని ఒకరు కళాశాల ఆవరణలోనే ఒంటికి నిప్పంటించుకున్నారు. రెండు రోజుల తరువాత భువనేశ్వర్ ఎయిమ్స్‌లో కన్నుమూశారు. ఆమె బి.ఇడి. చదువుతున్న ఇరవయ్యేళ్ల యువతి. విభాగాధిపతి తనను లైంగికంగా వేధిస్తున్నాడని అంతకు కొద్దిరోజుల ముందే ఆమె కళాశాలకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశారు. ఆ ఘటన తరువాత విభాగాధిపతినీ, ప్రిన్సిపాల్‌నూ పోలీసులు అరెస్టు చేశారు. ఎవరి దోషం ఎంతో న్యాయస్థానం తేల్చవలసి ఉంది.

ఇలాంటి వార్త విన్నప్పుడు ఆడపిల్లల తల్లిదండ్రుల గుండె జారిపోవడం సహజం. ‘అమ్మాయిని అంతదూరం పంపకపోవడమే మేలు’ అన్న మాట ఇంట్లో ఎవరో ఒకరి నోట వస్తుంది. అయితే ఆ నిర్ణయం వల్ల శిక్ష పడేది ఎవరికి? వేధించేవాడి ఉద్యోగం అలాగే ఉంటుంది. అతని గదీ, కుర్చీ అలాగే ఉంటాయి. ఆగిపోయేది మన బిడ్డ చదువు. కనుక భయపడి తలుపు మూసుకొనే ముందు, విశ్వవిద్యాలయాల్లో ఫిర్యాదు ఎలా నడవాలని చట్టం చెబుతున్నదో, అది ఎక్కడ ఆగిపోతుందో, అందులో కుటుంబం వంతు ఎంత ఉన్నదో తెలుసుకోవడం అవసరం.

చట్టం ఎలా వచ్చింది?

1992లో రాజస్థాన్‌లోని ఒక గ్రామంలో, బాల్యవివాహాన్ని ఆపడానికి ప్రయత్నించిన ప్రభుత్వ కార్యక్రమ కార్యకర్తపై సామూహిక అత్యాచారం జరిగింది. విధి నిర్వహణలో ఉన్న స్త్రీకి రక్షణ కల్పించే ప్రత్యేక చట్టమేదీ ఆనాడు దేశంలో లేదు. ఆ నేపథ్యంలో మహిళా సంఘాలు సుప్రీంకోర్టును ఆశ్రయించాయి. 1997 ఆగస్టు 13న వెలువడిన విశాఖ తీర్పు, పని చేసే ప్రతి చోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలని మార్గదర్శకాలు విధించింది. ఇక్కడ ‘విశాఖ’ అంటే మన విశాఖపట్నం కాదు, కోర్టును ఆశ్రయించిన సంస్థ పేరు. ఆ మార్గదర్శకాలు చట్టరూపం దాల్చడానికి పదహారేళ్లు పట్టింది. 2013లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ ఏడాది డిసెంబరు 9 నుంచి అది అమలులోకి వచ్చింది.

విద్యార్థినుల పరిస్థితి ఉద్యోగినుల పరిస్థితి కంటే భిన్నమైనది. ఉద్యోగినికి జీతం చేతికి వస్తుంది. అవసరమైతే మరోచోట పని వెతుక్కోగలదు. విద్యార్థిని మార్కులు, హాజరు, ప్రాజెక్టు సంతకం, పరిశోధన పత్రం అన్నీ ఒక్క అధ్యాపకుని చేతిలో ఉండవచ్చు. అందుకే విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, అంటే యూజీసీ, ఉన్నత విద్యాసంస్థల కోసం ప్రత్యేక నిబంధనలు రూపొందించింది. 2015 నిబంధనలుగా పిలిచే ఇవి 2016 మే 2న నోటిఫై అయ్యాయి. సాంకేతిక విద్యాసంస్థల కోసం ఏఐసీటీఈ కూడా 2016లో ఇటువంటి నిబంధనలే తెచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో పిల్లలను ఇంజనీరింగ్ కళాశాలలకు పంపుతున్న తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కమిటీలో ఎవరుండాలి?

యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి విద్యాసంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దీనినే ఐసీసీ అంటారు. దీనికి అధ్యక్షత వహించేది సీనియర్ మహిళా అధ్యాపకురాలు. ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు బోధనేతర ఉద్యోగులు, సంస్థకు బయటి నుంచి ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి సభ్యులుగా ఉంటారు. ఫిర్యాదు విద్యార్థులకు సంబంధించినదైతే ముగ్గురు విద్యార్థి ప్రతినిధులు కూడా కూర్చోవాలి. మొత్తం సభ్యుల్లో కనీసం సగం మంది స్త్రీలై ఉండాలి.

వైస్ చాన్సలర్, రిజిస్ట్రార్, డీన్, విభాగాధిపతి వంటి ఉన్నత పదవుల్లో ఉన్నవారు ఈ కమిటీలో సభ్యులు కాకూడదు. సంస్థ ప్రతిష్ఠ కాపాడవలసిన కుర్చీలో కూర్చున్నవారు, ఆ ప్రతిష్ఠకు మచ్చ తెచ్చే ఫిర్యాదును నిష్పక్షపాతంగా వినడం కష్టమని నిబంధన రాసినవారు గ్రహించారు. బయటి సభ్యుని అవసరం కూడా అందుకే వచ్చింది.

గడువులు, రక్షణలు

ఘటన జరిగిన మూడు నెలల లోపు ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి. వేధింపు పలుమార్లు జరిగితే చివరి ఘటన నుంచి లెక్క. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలల వరకు గడువు పొడిగించవచ్చు. రాయలేని స్థితిలో ఉన్నవారికి రాయడానికి కమిటీయే సాయం చేయాలి. బాధితురాలి శారీరక, మానసిక స్థితి బాగులేనప్పుడు బంధువులు, స్నేహితులు, తోటి విద్యార్థులు ఆమె తరఫున ఫిర్యాదు చేయవచ్చు.

ఫిర్యాదు అందిన ఏడు రోజుల్లో దాని ప్రతి ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తికి చేరాలి. అతడు పది రోజుల్లో జవాబివ్వాలి. విచారణ తొంభై రోజుల్లో ముగియాలి. ఆ తరువాత పది రోజుల్లో నివేదిక యాజమాన్యానికి చేరాలి. ఎవరూ అప్పీలు చేయని పక్షంలో ముప్పై రోజుల్లో యాజమాన్యం చర్య తీసుకోవాలి.

విచారణ సాగే ఆ మూడు నెలలూ అమ్మాయి అదే తరగతిలో, అదే అధ్యాపకుని ఎదుట కూర్చోవాలా? అవసరం లేదు. ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి ఆమె పరీక్ష పత్రాలు దిద్దకుండా, ఆమె పనిని మూల్యాంకనం చేయకుండా కమిటీ ఆపించవచ్చు. అతడు ఆమెకు దూరంగా ఉండాలని హెచ్చరించవచ్చు. ఇద్దరిలో ఒకరిని మరో విభాగానికి మార్చవచ్చు. ఆమెకు మూడు నెలల వరకు సెలవు ఇప్పించవచ్చు. ఇవన్నీ తీర్పు రాకముందే కోరదగిన రక్షణలు. ఇవి ఉన్నాయని తెలియక చదువు మానుకొని ఇంటికి తిరిగి వచ్చే అమ్మాయికి, చట్టం ఉన్నా లేనట్టే.

ఆరోపణ రుజువైతే అధ్యాపకునిపై ఉద్యోగ నియమాల ప్రకారం చర్య ఉంటుంది. తప్పు చేసినవాడు విద్యార్థి అయితే హాస్టల్, స్కాలర్‌షిప్ వంటి సౌకర్యాలు నిలిపివేయడం మొదలు కళాశాల నుంచి పేరు తొలగించడం వరకు శిక్షలున్నాయి. తరగతి గది మాత్రమే కాక విజ్ఞాన యాత్రలు, ఇంటర్న్‌షిప్‌లు, క్రీడాపోటీలు, కళాశాల ఏర్పాటు చేసిన రవాణా కూడా ఈ నిబంధనల పరిధిలోకి వస్తాయి. వేధింపులకు గురయ్యేవారిలో అబ్బాయిలు కూడా ఉండవచ్చునని ఈ నిబంధనలు గుర్తించాయి.

ఐసీసీకి ఫిర్యాదు చేసినంత మాత్రాన పోలీసుల వద్దకు వెళ్లే దారి మూసుకుపోదు. లైంగిక వేధింపు భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ కింద నేరం. అమ్మాయి కేసు పెట్టదలిస్తే సంస్థ ఆమెకు సాయపడాలి.

తొందరపాటు కూడా అన్యాయమే

ఆరోపణ ఎదుర్కొంటున్నవాడు కూడా ఒక ఇంటి బిడ్డే. ఈ విషయంలో 2023 మే 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు అందరూ తెలుసుకోదగినది. గోవా విశ్వవిద్యాలయంలో ఒక విభాగాధిపతిపై 2009లో విద్యార్థినులు ఫిర్యాదులు చేశారు. కమిటీ వరుసగా సమావేశాలు జరిపి, హడావుడిగా విచారణ ముగించింది. ఆయనను ఉద్యోగం నుంచి తొలగించారు. తన వాదన వినిపించుకోవడానికి ఆయనకు తగిన అవకాశం ఇవ్వలేదని సుప్రీంకోర్టు భావించి, ఆ తొలగింపును రద్దు చేసి, విచారణను తిరిగి కమిటీకే పంపింది. దేశమంతటా కమిటీలు సక్రమంగా ఏర్పాటయ్యాయో లేదో పరిశీలించాలని ప్రభుత్వాలను ఆదేశించింది.

ఫిర్యాదు చేసిన 2009కీ, విచారణ మళ్లీ మొదటికి వచ్చిన 2023కీ మధ్య పద్నాలుగేళ్లు గడిచాయి. అందులో న్యాయం ఎవరికి దక్కింది? ఫిర్యాదు చేసిన విద్యార్థినులకూ దక్కలేదు, ఆరోపణ మోసిన అధ్యాపకునికీ దక్కలేదు. పద్ధతి తప్పిన విచారణ ఇరువురికీ నష్టం. సరైన పద్ధతిని కోరడం అమ్మాయిల తల్లిదండ్రులకు ఎంత అవసరమో అబ్బాయిల తల్లిదండ్రులకూ అంతే అవసరం.

మరొక సందేహం కూడా తీర్చుకోవాలి. ‘రుజువు చేయలేకపోతే మన అమ్మాయినే శిక్షిస్తారేమో’ అని కొందరు వెనుకాడతారు. కావాలని అబద్ధపు ఫిర్యాదు చేశారని విచారణలో తేలితేనే చర్య ఉంటుంది. కేవలం ఆధారం చూపలేకపోవడం తప్పు కాదని నిబంధన స్పష్టంగా చెబుతున్నది.

‘సాక్షులు ఎక్కడ?’

మన ఇళ్లలో పెద్దలు కొందరు, ‘నలుగురు సాక్షులు లేకుండా ఒకరిపై నింద వేయకూడదు’ అంటారు. ఈ మాట షరీఅత్ పేరుతో వస్తుంది గనుక దీనికి జవాబు చెప్పడం మావంటి మదరసా ఉపాధ్యాయుల బాధ్యత. నలుగురు సాక్షుల నియమం వ్యభిచార నేరానికి నిర్ణీత శిక్ష విధించడానికి సంబంధించినది. శీలవతులపై నిందలు వేసేవారి నోరు మూయించడానికి సూరహ్ నూర్‌లో వచ్చిన ఆదేశం అది. వేధింపుకు గురైన అమ్మాయి తన గోడు చెప్పుకోకుండా ఆపడానికి దానిని వాడడం, రక్షణ కోసం ఇచ్చిన డాలును ఆమె మీదికే విసరడం వంటిది.

పరిస్థితుల సాక్ష్యానికి విలువ లేదా? యూసుఫ్ (అలైహిస్సలాం) గాథలో నిందపడిన వ్యక్తి నిర్దోషి అని తేల్చినది వెనుక నుంచి చిరిగిన చొక్కా. అక్కడ చూసిన సాక్షి లేడు. ఉన్న ఆనవాళ్లను బట్టి సత్యం బయటపడింది. నేటి విచారణలో ఆ చొక్కా స్థానంలో ఫోన్ సందేశాలు, కాల్ వివరాలు, తేదీలు రాసుకున్న కాగితం, ఆ రోజే విషయం విన్న స్నేహితురాలి మాట ఉంటాయి. కమిటీ విచారణ క్రిమినల్ కేసు కాదు. ఏది జరిగి ఉండడానికి ఎక్కువ అవకాశముందో ఆధారాలను బట్టి తూచి నిర్ణయిస్తుంది.

ఇంటి వంతు

నిబంధనలోని మూడు నెలలు ఎలా కరిగిపోతాయో చూడండి. అమ్మాయి మొదటి నెల తనలో తాను కుమిలిపోతుంది. రెండో నెల అమ్మీతో చెబుతుంది. ‘అబ్బాకు తెలిస్తే చదువు మాన్పిస్తారు, నోరు మూసుకో’ అని ఆ తల్లి భయంతోనే అంటుంది. మూడో నెల పరువు గురించి, పెళ్లి సంబంధాల గురించి చర్చతో గడుస్తుంది. అప్పటికి సందేశాలు చెరిగిపోతాయి, స్నేహితురాలు హాస్టల్ మారిపోతుంది, గడువు దాటుతుంది. కమిటీ ఎంత మంచిదైనా దాని దాకా చేరని ఫిర్యాదును అది వినలేదు.

అందుకే ప్రతి తండ్రీ తన కూతురు ఇల్లు దాటే ముందే ఒక మాట స్పష్టంగా చెప్పాలి: ‘బేటీ, నీకు ఏమి జరిగినా ముందు నాతో చెప్పు. నీ చదువు ఆపను.’ ఈ హామీ లేని ఇంట్లో అమ్మాయి నోరు విప్పదు. ఆమె చెప్పినప్పుడు, ‘ఆ సమయంలో అక్కడికి ఎందుకు వెళ్లావు?’ అన్న ప్రశ్న ముందు రాకూడదు. సందేశాలు చెరపవద్దని చెప్పి, తేదీలు రాయించి, ఆమె ఇష్టం తెలుసుకొని, ఆమె వెంట కళాశాలకు వెళ్లాలి. డబ్బు తీసుకొని రాజీపడమని ఎవరైనా అంటే, అటువంటి రాజీని చట్టమే నిషేధించిందని చెప్పాలి.

కొడుకులకు చెప్పవలసినదీ ఉంది. చూపులు దించుకోమన్న దైవాదేశం సూరహ్ నూర్‌లో మొదట పురుషులకే వచ్చింది. వద్దన్న అమ్మాయికి మళ్లీ మళ్లీ సందేశం పంపడం ప్రేమ కాదనీ, తోటివాడు వేధిస్తుంటే చూస్తూ నవ్వడం కూడా తప్పేననీ తల్లులే కొడుకులకు నేర్పాలి.

ఇంటర్ చదివే పిల్లల సంగతి వేరు. పద్దెనిమిదేళ్లు నిండనివారిపై లైంగిక నేరం జరిగితే 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. తెలిసినవారు పోలీసులకు చెప్పకపోవడమే ఆ చట్టం కింద నేరం. ఇది జూనియర్ కళాశాలలకూ, హాస్టళ్లకూ, మా మదరసాలకూ సమానంగా వర్తిస్తుంది. ఉస్తాద్ అన్న గౌరవం ఎవరికీ చట్టం నుంచి మినహాయింపు ఇవ్వదు.

ప్రవేశాల కాలంలో ఫీజులు, ఫలితాలు, బస్సు సౌకర్యం గురించి అడుగుతాం. ఇకపై మరికొన్ని ప్రశ్నలు కూడా అడుగుదాం. మీ ఐసీసీ అధ్యక్షురాలు ఎవరు? బయటి సభ్యులు ఎవరు? విద్యార్థి ప్రతినిధులు ఉన్నారా? వారి పేర్లు, ఫోన్ నంబర్లు నోటీసు బోర్డు మీద ఉన్నాయా? జవాబు తడబడితే ఆ తడబాటునే జవాబుగా తీసుకోవాలి. పేర్లు దొరికితే వాటిని రాసుకొని అమ్మాయి ఫోన్‌లో భద్రపరచాలి. వాటితోపాటు మహిళా సహాయ నంబరు 181, అత్యవసర నంబరు 112 కూడా ఉండాలి.

బాలాసోర్ విద్యార్థిని ఫిర్యాదు రాశారు. వినవలసినవారు సకాలంలో వినలేదు. మన బిడ్డ ఫిర్యాదు రాసిన రోజున ఆ కాగితం మీద ఆమె సంతకం, ఆ కాగితం పట్టుకున్న ఆమె పక్కన తండ్రో, అన్నో, తల్లో నిలబడి ఉండాలి. ఒంటరి అమ్మాయి కాగితాన్ని సొరుగులో పెట్టడం సులభం. కుటుంబం వెంట వచ్చి, తేదీ వేయించి, రసీదు అడిగి తీసుకొన్న కాగితాన్ని సొరుగులో పెట్టడం అంత సులభం కాదు.