రంగు ఈకకు, తేట చెరువుకు

టోపీకి కావాల్సిన గుడ్డకూ ఈకలకూ ఇంట్లోనే రంగు వేసుకోవచ్చు. రంగంతా సరుకుకే పట్టి, గిన్నెలో తేటనీళ్లు మిగలాలి. అసలు పనితనం అదే. పటాన్‌చెరు ఫ్యాక్టరీల నడుమ బతికే చిట్కుల్ లాంటి ఊళ్లకు ఆ పనితనం అందరికంటే ఎక్కువ అవసరం.

బతుకమ్మ వచ్చిందంటే తెలంగాణలో ఇల్లిల్లూ రంగుల కార్ఖానాయే. తెల్లటి గునుగు పూలను కట్టలు కట్టి, కాడలు సమంగా కోసి, ఎర్రనివీ పచ్చనివీ నీలివీ రంగునీళ్లలో ముంచి ఆరబెడతారు. తొమ్మిది రోజుల పండగ అయ్యాక ఆ పూలు చెరువులో కలుస్తాయి, వాటితోపాటు రంగూ కలుస్తుంది. గునుగుకు అంటిన రంగు పైపైనే ఉంటుంది మరి, తడి తగిలితే వదిలేస్తుంది. ఈకకు వేసే రంగు అలా కాదు. పద్ధతిగా వేస్తే ఈకను పట్టుకుని ఉండిపోతుంది. గునుగు అద్దిన చేతులకు ఈ పని నేర్చుకోవడం కష్టం కాదు.

ఈకల టోపీ మనదే

దీపావళి రోజుల్లో ఆదిలాబాద్ రాజ్‌గోండు గూడేల్లో దండారి పండగ జరుగుతుంది. గుస్సాడీలు తలకు నెమలి ఈకల టోపీ పెట్టుకుని ఆడతారు. ఆ నృత్యాన్ని ఎందరికో నేర్పిన మర్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ దక్కింది. గోండులకు ఆ టోపీ పూజనీయం.

పడమటి దేశాల ఈకల టోపీలది మరో కథ. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఆడవాళ్ల టోపీల కోసం కొంగలను లెక్కలేనన్ని చంపేశారు. దాన్ని సహించలేక 1889లో ఇంగ్లండ్ మహిళలు పెట్టుకున్న సంఘమే ఇప్పటి రాయల్ సొసైటీ ఫర్ ది ప్రొటెక్షన్ ఆఫ్ బర్డ్స్. మన దేశం నుంచి పక్షి ఈకల ఎగుమతిని 1902లో నిషేధించారు.

ఇవాళ ఈక కోసం ఏ పక్షినీ చంపనక్కర్లేదు. బ్రాయిలర్ కోడి ఈక తెల్లగా ఉంటుంది, ఏ రంగైనా తీసుకుంటుంది. ఆదివారం వచ్చిందంటే చికెన్ సెంటర్ల వెనక అవి బస్తాలకొద్దీ చెత్తలోకి పోతున్నాయి.

గిన్నెలో జరిగేది

తెచ్చిన ఈకలను చేతులకు తొడుగులు వేసుకుని సబ్బునీళ్లలో రెండు మూడుసార్లు కడగాలి. ఈకకు సహజంగా జిడ్డు ఉంటుంది, అది పోకపోతే రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. తర్వాత అరగంట గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాలి.

ఈక, పట్టు, ఉన్ని మూడూ ప్రొటీన్లే. మూడింటికీ యాసిడ్ రంగులు పడతాయి. 100 గ్రాముల ఈకలంటే పెద్ద కుప్పే, దానికి ఒక గ్రాము పొడి చాలు. ముదురు రంగు కావాలంటే రెండు మూడు గ్రాములు. మిఠాయిలో వేసే రంగులు కూడా ఈ కోవవే కాబట్టి కొత్తవాళ్లు వాటితో మొదలుపెట్టడం మేలు. పొడి కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. రంగుకు వాడిన గిన్నె మళ్లీ వంటకు పనికిరాదు.

నీళ్లు మరగకూడదు, 60 నుంచి 70 డిగ్రీల వేడి చాలు. తడిసిన ఈక ముడుచుకుని పుల్లలా కనిపిస్తుంది, పాడైందని కంగారు పడొద్దు. వెనిగర్‌గానీ నిమ్మ ఉప్పుగానీ కొంచెం కొంచెంగా కలుపుతుంటే రంగు నీళ్లను విడిచి ఈకను పడుతుంది. మొదలు దగ్గరి నూగు ముందు పీలుస్తుంది, నడుమ కాడ ఆలస్యంగా పీలుస్తుంది. మధ్యమధ్య తెల్ల గరిటెలోకి కాసిని నీళ్లు తీసి చూడాలి. చిక్కగా ఉన్న నీళ్లు పలచబడి, అరగంట ముప్పావుగంటకు దాదాపు తేటపడతాయి. కొలత కుదిరిందనడానికి అదే గుర్తు. ఇంకా రంగు మిగిలితే మరికొన్ని ఈకలు వేయాలి, అవి లేతరంగులో వస్తాయి. కడిగి, తువ్వాలులో అద్ది, హెయిర్ డ్రయ్యర్ గాలి పట్టిస్తే ముడుచుకున్న ఈక మళ్లీ విచ్చుకుంటుంది.

నూలు దారి వేరు

నూలుకు ఈ రంగులు నిలవవు. దానికి రియాక్టివ్ రంగులు, బోలెడు ఉప్పు, సోడా కావాలి. అన్నీ వేసినా రంగులో కొంత గుడ్డకు పట్టకుండా కడిగిన నీళ్లలోనే పోతుంది. అందుకే ఇంట్లో చేసే టోపీకి పాత పట్టుచీర ముక్కలు, ఉన్ని మంచివి. మన కురుమలు దక్కనీ గొర్రె నల్ల ఉన్నితో నేసే గొంగడికైతే రంగే అక్కర్లేదు. గొంగడి నేతలో ఉన్నిపోగుకు పట్టించే చింతగింజల గంజి, టోపీ అంచుకూ బిగువునిస్తుంది.

చిట్కుల్‌కు తెలిసిన పాఠం

1970లలో పటాన్‌చెరు చుట్టూ పరిశ్రమలు వచ్చాయి. వాటి వ్యర్థాలు నక్కవాగులో కలిసి మంజీర దాకా పోయాయి. పంటలు పోయిన రైతుల పక్షాన డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. 1990లో ఈ వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు దగ్గరి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. శుద్ధి చేసి వదిలిన నీళ్ల సంగతి అది!

టోపీల పరిశ్రమకూ ఇలాంటి మచ్చ ఉంది. బొచ్చును ఫెల్ట్‌గా మార్చడానికి పాదరసం వాడినంత కాలం ఆ కార్మికుల చేతులు వణికాయి, మతులు చెదిరాయి. అమెరికాలో ఆ వాడకం 1941లో గానీ ఆగలేదు.

ఒక ఇంటి గిన్నెడు రంగునీళ్లకూ ఫ్యాక్టరీ కాలువకూ పోలికే లేదు. అయినా ఇళ్లలో మొదలైన పనే గిరాకీ వచ్చాక షెడ్డులోకి మారుతుంది. అప్పటికి అలవాటైన పద్ధతే అక్కడా సాగుతుంది. మహిళా సంఘాలు ఈకల టోపీలు చేసి అమ్మాలనుకుంటే మొదటి రోజు నుంచే రంగును తూచి వేయడం, తేటపడని నీళ్లను పారబోయకపోవడం నియమంగా పెట్టుకోవాలి. ఒక త్రాసు, ఒక గరిటె ఉంటే చాలు, దీనికి ఏ యంత్రమూ అక్కర్లేదు. సొంత గిన్నెను తేటగా ఒంపే ఊరు, ఫ్యాక్టరీ కాలువ గురించి ఎవరినైనా గట్టిగా నిలదీయగలదు.