మీకు తెలుసా? పప్పుకీ చీముకీ సంబంధం లేదు

ఆపరేషన్ అయినవాళ్లకు పప్పు పెడితే కుట్లు చీము పడతాయని చాలా ఇళ్లలో ఇప్పటికీ భయం. చీము పట్టేది సూక్ష్మక్రిములు చేరితేనే. గాయం మానడానికి కావలసిన ప్రొటీన్ ఉన్నదే పప్పులో! మామూలుగా కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాముల ప్రొటీన్ చాలు. పెద్ద ఆపరేషన్ తర్వాత 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలంటారు. 60 కిలోల మనిషికి 72–90 గ్రాములన్నమాట. ఉత్త చారన్నంతో అంత ఎక్కడొస్తుంది? 100 గ్రాముల పెసరపప్పులో దాదాపు 24 గ్రాములు, ఒక కోడిగుడ్డులో 6 గ్రాములు ఉంటాయి. (కిడ్నీ జబ్బుంటే లెక్క వేరు, డాక్టర్నే అడగాలి.)

పథ్యానికి వేరే వంట అక్కర్లేదు. బియ్యం, పెసరపప్పు, సొరకాయ ముక్కలు కుక్కర్లో మెత్తగా ఉడికిస్తే ఇంటిల్లిపాదికీ పులగం. ముందు కోలుకుంటున్నవారికి తీసి, మిగతాదానికి ఘాటుగా పోపు పెట్టుకోవచ్చు. ఆవకాయ ఎవరిష్టం వారిది. నిమ్మరసం మాత్రం దించాకే పిండాలి. గాయాన్ని పూడ్చే కొల్లాజెన్ తయారవడానికి విటమిన్ సి కావాలి, అది వేడికి తగ్గిపోతుంది. కొన్ని నొప్పి మందులు మలబద్ధకం తెస్తాయి కాబట్టి, డాక్టరు వద్దనకపోతే బొప్పాయి ముక్కలు, తగినన్ని నీళ్లు ఇవ్వండి.