గీతలు లేని బాట

మన పల్లెలను కలుపు తారురోడ్లలో పెక్కింటికి నడుమ గీత లేదు. అట్టిచోట బండి నడుపువాడు బాట నడుమ నొక గీతను మనస్సున భావించి, దానికి ఎడమప్రక్కనే సాగవలెను. అందులకు బాట వెడల్పు తెలిసియుండవలెను.

పల్లెబాటలు తరచుగా 10 మొదలు 12 అడుగుల వెడల్పుండును. లారీ వెడల్పు ఎనిమిదిన్నర అడుగుల వరకు ఉండవచ్చును. రెండు లారీలు ఎదురైనచో 17 అడుగులు కావలెను. కావున 12 అడుగుల బాటపై రెండును వేగము తగ్గించి, ఎడమ చక్రములను మట్టి మార్జినుకు దింపనిదే తప్పుకొనజాలవు. 18 అడుగుల బాటపైనను మిగులునది ఒక్క అడుగే.

మలుపునందును మిట్టయందును ఎదురువచ్చునది కానరాదు; అచ్చట ముందుబండిని దాటబోవుట ప్రాణాపాయము. రాత్రివేళ ఎదుటి దీపములు కన్నులు చెదరగొట్టినచో, చూపు ఎడమ అంచుపై నిలిపి మెల్లగా పోవలెను. ఒంటిదీపము కనబడినంతనే మోటారుసైకిలని తలంపరాదు. ఒక దీపమారిన ట్రాక్టరు కావచ్చును. గురుతులు లేని కూడలియందు పెద్దబాటపై వచ్చువారికిని, బాటలు సమానములైనచో కుడివైపునుండి వచ్చువారికిని దారి యీయవలెను.

పెద్దలగు మీరు మీ యూరి బాటను పిల్లలచేత టేపుతో కొలిపించి, యీ లెక్కను వారిచేతనే చేయింపుడు. చెవిని పడినమాట కంటె చేతితో కొలిచినది చిరకాలము నిలుచును.